ఆఫీసరొస్తే ఆగే మిషను

శ్రీరామమూర్తిగారికి లెక్కలంటే ప్రాణమని ఆయన భార్య సుబ్బరత్నం అందరితో చెప్పేది గానీ, అది నిజం కాదు. ఆయనకు ప్రాణం చూడడం. బందరులో చదువుకునే రోజుల నుంచీ అంతే. సంతకు పోతే బేరం చెయ్యడు, బేరం చేసేవాళ్ళని చూస్తాడు. పెళ్ళికి పోతే విస్తరి సంగతి మరిచిపోయి, ఏ బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాడు. ఇలాంటి మనిషిని సర్కారు ఊరికే వదులుతుందా? రాష్ట్రం ఏర్పడ్డ ఏడు, కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు ఆయన్నీ రైలెక్కించి హైదరాబాదులో దింపింది. కొన్నేళ్ళు ఆ బల్లకీ ఈ బల్లకీ తిప్పి, చివరికి నాంపల్లి స్టేషను దగ్గర ఒక పాత మేడ మీద ఉన్న చిన్న పరిశ్రమల ఆఫీసులో కూర్చోబెట్టింది.

అక్కడ పనేమిటంటే, సర్కారు బస్తీల్లో ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే ఏ గొడవా లేదు. అవి నడుస్తున్నాయా, ఇంట్లోకి నాలుగు రాళ్ళు తెస్తున్నాయా, లేక మూల పడి ఉన్నాయా అని చూడాలి. మూల పడ్డవాటిని వెనక్కి తెచ్చి, అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తున్న వేరేవాళ్ళకివ్వాలి. న్యాయమైన మాటే. కానీ చూడ్డానికి మనుషులేరీ? ఆఫీసులో ఉన్నవాళ్ళంతా గుమాస్తాలు, కాగితం మీద కాగితం పేర్చడం తప్ప వేరే పని ఎరగనివాళ్ళు. వాళ్ళకు చూడడం నేర్పమని శ్రీరామమూర్తిగారికి పురమాయించారు. చేపపిల్లకి ఈత నేర్పమంటే సులువే. ఈయన చేతికొచ్చినవి కోడిపిల్లలు.

అయినా నేర్పాడు మహానుభావుడు. పొద్దున్నే వాళ్ళని వెంటబెట్టుకుని మొజంజాహీ మార్కెట్టుకు పోయి, పళ్ళ దుకాణాల ముందు నిలబెట్టి, ఏం చూశారని అడిగేవాడు. బేరం బాగా సాగుతోంది సార్ అని ఎవరైనా అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే! బాగా సాగుతోందని నీతో ఎవరు చెప్పారు, ఎందరు ఆగారు, ఎందరు కొన్నారు, ఎందరు వేలితో నొక్కి చూసి పోయారు అని తగులుకునేవాడు. ఆయన చదువంతా కలిపి ఒక్క ముక్క. కంటితో చూసింది రాయండి, చెవితో విన్నది రాయండి, మనసులో అనుకున్నది మాత్రం రాయకండి. ఈ ముక్క ఆయన ఎన్నిసార్లు చెప్పాడో గానీ, చాయ్ తెచ్చే మనిషికి కూడా కంఠతా వచ్చేసింది.

నేర్చుకున్నవాళ్ళలో చురుకైనది సౌభాగ్య. బొగ్గులకుంట పిల్ల, తాతల నాటి నుంచీ ఈ ఊరివాళ్ళే. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, వంకరటింకర లేకుండా రాస్తుంది. అబిడ్స్, నాంపల్లి గల్లీల్లో మిషన్లున్న ఇళ్ళన్నీ ఆమెకే అప్పజెప్పారు. ఆమె తిరిగొచ్చి కాగితాలు బల్ల మీద పెట్టింది. ఏ ఇల్లు చూసినా ఒకటే మాట. మిషను నడవడం లేదు, బట్ట కప్పి ఉంది. లాభమేమైనా ఉందా అని అడిగితే, ఏమీ లేదన్నారు.

శ్రీరామమూర్తిగారికి నమ్మబుద్ధి కాలేదు. తానే స్వయంగా ఒక ఇంటికి పోయి చూద్దామనుకున్నాడు. చాపెల్ రోడ్డు వెనక గల్లీలో అనసూయ అనే ఆవిడ ఇల్లు. ఆమె భర్త బాలకిషన్ ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అబిడ్స్‌లో సగం బోర్డుల మీది అక్షరాలు ఆయన చేతివే. పక్షవాతమొచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. ఇప్పుడు మంచం మీద కూర్చుని ఎడమచేత్తో కాజాలకు గుర్తులు పెట్టడం నేర్చుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు బడికి పోతారు. ఆ ఇంటికి ఆధారం ఆ మిషనే.

ఈ సంగతులేవీ అప్పుడు శ్రీరామమూర్తిగారికి తెలియవు. జీపు గల్లీ మొదట్లో ఆగింది, ఆయన దిగాడు, సౌభాగ్య వెనకాలే నడిచింది. లోపలికి పోయేసరికి మిషను మీద పువ్వులు కుట్టిన తెల్లబట్ట కప్పి ఉంది. అనసూయ కొంగు నిండా కప్పుకుని నిలబడి ఉంది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, చాయ్ పెట్టింది. మిషను వల్ల ఏమైనా లాభముందా అమ్మా అంటే, ఏం లాభం సారూ, ఏదో నడుస్తున్నది అంది. ఆయన చాయ్ బాగుందని మెచ్చుకుని, ఆఫీసుకొచ్చి, సౌభాగ్య కాగితం కింద తానూ చూసినట్టు సంతకం చేశాడు. పెద్దాఫీసరు సరిచూసిన ఇల్లు కాబట్టి, వెనక్కి తేవాల్సిన మిషన్ల వరసలో అనసూయదే మొదటికెక్కింది.

ఆ ఆదివారం సుబ్బరత్నం ఆయన్ని అబిడ్స్‌కు లాక్కెళ్ళింది. ఆవిడకు ఈ ఊళ్ళో దర్జీలు నచ్చలేదు, ఆడమనిషి అయితే తప్ప జాకెట్టు కొలతలివ్వనంటుంది. ఎవరో చెబితే ఒకావిడను పట్టుకుంది, ఇచ్చిన జాకెట్లు తెచ్చుకుందాం రమ్మంది. రిక్షా దిగి గల్లీలోకి తిరిగాక, శ్రీరామమూర్తిగారి కాళ్ళు నెమ్మదించాయి. ఆ గల్లీ, ఆ నీలం తలుపు, ఆయన చూసినవే. లోపల మిషను కటకటమంటూ వడివడిగా నడుస్తోంది.

"మీరిక్కడే నిలబడండి, ఆడవాళ్ళుంటారు" అని సుబ్బరత్నం లోపలికి పోయింది. మిషను ఆగలేదు. ఈవిడ మాట్లాడుతూనే ఉంది, ఆవిడ జవాబు చెబుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే అబిడ్స్ దుకాణాలవాళ్ళు కుట్టమని ఇచ్చిన బడిలాగులు ఒకవైపు, గౌన్లు ఒకవైపు మోకాళ్ళెత్తున పడి ఉన్నాయి. సుబ్బరత్నం వాటి మధ్యే చోటు చేసుకుని కింద కూర్చుంది. శ్రీరామమూర్తిగారు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత, చూసేవాడి బుద్ధి ఊరుకుంటుందా, గడపలో ఒక కాలు పెట్టాడు.

అంతే. మిషను టక్కున ఆగిపోయింది. అనసూయ ఒక్క ఉదుటున లేచింది. గుడ్డలు మంచం కిందికి పోయాయి, తెల్లబట్ట మిషను మీదికొచ్చింది, గోడవారనున్న కుర్చీ గది మధ్యకొచ్చింది. కన్ను మూసి తెరిచేలోపు ఆ గది, ఆయన మొన్న చూసి సంతకం పెట్టిన గదిలా తయారైంది.

శ్రీరామమూర్తిగారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంటికొచ్చినవాడు పెద్దమనిషైతే చేతిలో పని పక్కన పెట్టి లేవాలి, వాడున్నంతసేపూ ముట్టకూడదు. ఇది తనకు తెలియని సంగతా? బందరులో ఆయన తండ్రి కూడా ఎవరైనా వస్తే తక్కెడ కిందపెట్టి, భుజం మీది కండువా తీసి కుర్చీ తుడిచేవాడు. వ్యాపారం ఎలా ఉందండీ అంటే, ఏదో ఉందండీ మీ దయ అనేవాడు. బ్రహ్మాండంగా ఉందని ఎవడైనా అంటాడా? అంటే దిష్టి తగలదూ? ఆ మాటని పట్టుకుని 'లాభం లేదు' అని రాసుకున్న తన తెలివికి ఆయనకే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు సౌభాగ్యను పిలిచి, మీ ఇళ్ళల్లో ఇలా చేస్తారని నీకు తెలియదా అని అడిగాడు. తెలియకేం, వాళ్ళమ్మా అంతేనట. మరెందుకు చెప్పలేదంటే, ఆ పిల్ల తెల్లబోయి చూసింది.

"మీరే అన్నరు గద సర్, మనసుల అనుకున్నది రాయొద్దని. కప్పి ఉన్నది చూసిన. కప్పి ఉన్నదని రాసిన" అంది.

గురువుగారు నేర్పిన చదువే తిరిగొచ్చి ఆయన్ని కరిచింది, ఇంకెవరిని అంటాడు?

అప్పటికి కాగితాలు జాయింటు డైరెక్టరు వామన్‌రావుగారి దగ్గరికి పోయాయి. ఆయన ఈ ఊరి పాతకాపు. మాట మెత్తన, పట్టు గట్టిది. మర్యాదకు ప్రాణమిస్తాడు, గుమాస్తా కూడా ఆయన గదిలోంచి వీపు చూపించి పోకూడదు. శ్రీరామమూర్తిగారు పోయి, సార్ మనవాళ్ళు చూసింది తప్పు, ఇళ్ళన్నీ మళ్ళీ చూడాలి అన్నాడు. వామన్‌రావుగారు అనసూయ ఇంటి కాగితం తిప్పి ఆయన సంతకమే ఆయనకు చూపించారు. నిన్న ఖాళీ, ఇవాళ నడుస్తున్నదా, ఎవరైనా చెప్పించారా అని నవ్వుతూనే అడిగారు. నవ్వుతూ అడిగినా అది అడగడమే. చివరికి, సరే, గురువారం నేనే వస్త, నా కండ్లతో చూస్త, మిషను నడిస్తే ఉంటది, లేకుంటే జీపులో వేసుకుని వస్త అని తేల్చేశారు.

ఇంకేముంది! వామన్‌రావుగారంతటివారు గడపలోకొస్తే అనసూయ లేవకుండా ఉంటుందా? లేస్తే మిషను ఆగుతుంది, ఆగితే పోతుంది. శ్రీరామమూర్తిగారు ఆ సాయంత్రమే సుబ్బరత్నాన్ని వెంటబెట్టుకుని అనసూయ ఇంటికి పోయి ఉన్న సంగతంతా విప్పి చెప్పాడు. మీరు మాకు మర్యాద చేయడానికి పని ఆపారు, మేము మీకు పని లేదని రాసుకున్నాం అన్నాడు.

మంచం మీద బాలకిషన్ కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, గురువారం ఆయనొచ్చినప్పుడు మీరు లేవద్దు. ఆయన్ని చూడనట్టే మీ పాటికి మీరు కుట్టుకోండి. ఒక్క పావుగంట" అన్నాడు శ్రీరామమూర్తిగారు.

"అంత పెద్దమనిషి మా ఇంట్లకొస్తే నేను కూసొని కుట్టాల్నా సారూ? కుర్చీ ఎయ్యకుండ, నీళ్ళియ్యకుండ?" అందామె. "కుక్కనన్న గట్ల నిలబెట్టం గదా."

సుబ్బరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. చివరికి బాలకిషనే కళ్ళు తెరిచి, పిల్లల బడి ఉన్నది అనసూయా అన్నాడు. ఆమె తలూపింది. అది ఒప్పుకోవడమో, ఏడుపు దిగమింగడమో తెలియలేదు.

గురువారం రానే వచ్చింది. జీపు గల్లీ మొదట్లో ఆగింది. వామన్‌రావుగారు ఇస్త్రీ షేర్వాణీలో ముందు, శ్రీరామమూర్తిగారు వెనక. నీలం తలుపు తెరిచే ఉంది. మిషను నడుస్తోంది. వామన్‌రావుగారు గడప దగ్గర ఆగి, అలవాటుగా ఒకసారి దగ్గారు. ఈ ఊళ్ళో ఆ దగ్గుకు అర్థం అందరికీ తెలుసు, ఎవరో వచ్చారు, సర్దుకోండి అని. మిషను ఆగలేదు.

అనసూయ తలెత్తలేదు. మెడ వంచి, లాగు అంచు సూది కిందికి తోస్తూనే ఉంది. పాదాలు పీట మీద ఆడుతూనే ఉన్నాయి. వామన్‌రావుగారు గది మధ్య నిలబడ్డారు. గోడవారన కుర్చీ ఉంది, ఆయన దానివైపు ఒకసారి చూశారు. ఎవరూ వెయ్యలేదు. బాలకిషన్ మంచం మీద నుంచి ఎడమచెయ్యి ఎత్తబోయి, భార్యవైపు చూసి దించేశాడు. వామన్‌రావుగారు ఒంగి కుట్టు చూశారు, కుట్టిన గౌన్ల కుప్ప చూశారు, దుకాణం వాళ్ళు కట్టిన గుడ్డచీటీలు చూశారు. శ్రీరామమూర్తిగారు మాత్రం అనసూయ మొహాన్నే చూస్తున్నాడు. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి, తీస్తే మిషను ఆగుతుంది. అందుకని తుడుచుకోలేదు. ఆ పావుగంటా శ్రీరామమూర్తిగారికి యముడి కొలువులో నిలబడ్డట్టే గడిచింది. ఇంత కాలం చూడడమే గొప్ప విద్య అనుకున్న మనిషికి, ఆ పూట కళ్ళు మూసుకోవాలనిపించింది.

జీపెక్కాక వామన్‌రావుగారు ఫైలు ఒళ్ళో పెట్టుకున్నారు. జీపు అబిడ్స్ చౌరస్తా దాటింది.

"పని ఉన్నది. కుట్టు గూడ మంచిగున్నది. మిషన్ ఉండనీ, ఆఫీసుకు పోయినంక సంతకం చేస్త" అన్నారు. ఒళ్ళో ఫైలు సర్దుకుని, "గాని మూర్తిగారూ, ఆమెకు జర తమీజ్ లేదు. ఏ ఇంట్ల గూడ నన్ను గిట్ల నిలబెట్టలే" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నొచ్చుకున్నారు, అంతే.

శ్రీరామమూర్తిగారు నోటిదాకా వచ్చిన మాట మింగాడు. ఇప్పుడు నోరిప్పితే? నేను చెబితేనే లేవలేదు అన్నాడంటే, అయితే చూపించినదంతా చెప్పి చేయించినదేనన్నమాట అంటారు. సంతకం ఇంకా పడలేదు. ఊరుకుంటే మిషను దక్కుతుంది. కానీ ఆ తల్లికి మర్యాద తెలియదన్న మాట ఈ పెద్దాయన మనసులో ఉండిపోతుంది. మర్యాద ఎక్కువై మిషను పోగొట్టుకోబోయిన మనిషికి, ఆఖరికి మర్యాద లేదన్న పేరా? ఎంత ఆపుకున్నా ఆయన వల్ల కాలేదు.

"సార్, ఆవిడను లేవద్దన్నది నేనే" అన్నాడు. మొదలుపెట్టాక ఆగలేదు. తెల్లబట్ట సంగతి, ఏదో నడుస్తున్నది అన్న మాట సంగతి, సౌభాగ్య జవాబు, ఆదివారం గడపలో కాలు పెట్టిన సంగతి, అన్నీ చెప్పేశాడు.

వామన్‌రావుగారి మొహం ఎర్రబడింది. "అంటే నేను చూసింది నాటకమా?"

"పని నాటకం కాదు సార్. మిమ్మల్ని కూర్చోమనకపోవడం ఒక్కటే నాటకం. అది చేయలేక ఆవిడ ఏడ్చింది, మీరు కుట్టు చూస్తున్నారు గనక మీకు కనబడలేదు."

డ్రైవరు కూడా హారన్ కొట్టడం మరిచిపోయాడు. వామన్‌రావుగారు బయటికి చూస్తూ కూర్చున్నారు. నాంపల్లి స్టేషను ముందు జట్కాల రద్దీలో జీపు ఆగితే, అప్పుడు ఇటు తిరిగారు.

"మరి ఎట్ల చూడాలె? మనం పోతే పని బంద్ అయితది, పోకుంటే తెలువదు."

"రెండుసార్లు పోవాలి సార్. మొదటిసారి చుట్టాల్లా పోయి కూర్చుని, వాళ్ళిచ్చింది తాగి, మళ్ళీ పని చూడ్డానికి వస్తామని చెప్పి రావాలి. రెండోసారి పోయినప్పుడు మనం చుట్టాలం కాము, కొత్తా కాదు. ఓ మూల కూర్చోవచ్చు. మా వాళ్ళకి ఇది నేర్పలేదు. నాకే తెలియదు, ఇంకేం నేర్పుతాను?"

వామన్‌రావుగారు ఫైలు తెరిచి చూసి, మళ్ళీ మూశారు. "నేను ఇవాళ పోయింది రెండోసారి పోవుడే గద. మొదటిసారి పోనే పోలే" అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత డ్రైవరు భుజం తట్టి జీపు వెనక్కి తిప్పమన్నారు.

రెండోసారి ఆ షేర్వాణీ గడపలో కనబడేసరికి అనసూయ పాదాలు పీట మీద ఆగిపోయాయి. పొరపాటేదో జరిగింది, మిషను కోసమే వచ్చారు అనుకుంది. అయినా ఈసారి ఆమె కాళ్ళు ఎవరి మాటా వినలేదు. లేచి నిలబడింది. వామన్‌రావుగారు కుర్చీ తానే లాక్కుని కూర్చున్నారు.

"ఎండల తిరిగి అలసిపోయినమమ్మా. జర చాయ్ పెడతవా?" అన్నారు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. స్టవ్వు వెలిగిస్తూ ఏడుస్తున్న చప్పుడు ఇవతలికి వినబడుతూనే ఉంది. ఎవరూ విననట్టే కూర్చున్నారు. బాలకిషన్ అబిడ్స్‌లో తాను రాసిన బోర్డుల సంగతి చెబుతుంటే, అందులో ఒకటి తనకు బాగా తెలుసని వామన్‌రావుగారు తలూపారు. చాయ్ వచ్చింది. ఇంట్లో ఉన్న చక్కెరంతా అందులోనే వేసినట్టుంది. అనసూయ తలుపు పక్కన నిలబడి, కప్పు పట్టుకున్న ఆయన చేతులనే చూస్తోంది. మిషను ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న ఆమె పెదవుల మీదే ఉంది, కానీ అడగలేదు. ఇంటికొచ్చినవాళ్ళు చాయ్ తాగుతుండగా మన అవసరం అడగకూడదు. ఆ సంగతి వామన్‌రావుగారికీ తెలుసు. అందుకే ఆ పెద్దాయన పొగలు కక్కే చాయ్‌ను సాసర్లో కూడా పొయ్యకుండా, నాలుక కాలుతున్నా గబగబా తాగేసి, ఖాళీ కప్పు కింద పెట్టి, "మిషన్ నీదేనమ్మా" అన్నారు.